తెలుగు నేలకు చెందిన పాత నాణేలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శాతవాహనుల సీసం బిళ్లల నుంచి గోల్కొండ రాగి నాణేల దాకా తెలుగు నేల మీద చెలామణి అయిన నాణేలను సేకరించాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. చట్టం, నకిలీలు, శుభ్రం చేయడం గురించిన జవాబులు పొడవుగా ఉంటాయి. డబ్బు, నాణేలు రెండూ ఎక్కువగా పోయేది ఆ మూడు చోట్లే.

ఏవి ప్రాచీన నాణేలు, ఏవి మధ్యయుగ నాణేలు?

గీత గీసినట్టు విభజన లేదు. వాడుకలో విద్ధాంక నాణేలు (లోహపు ముక్కల మీద విడివిడిగా చిన్న గుర్తులు కొట్టినవి), శాతవాహన, ఇక్ష్వాకు, విష్ణుకుండిన నాణేలను ప్రాచీనమైనవిగా లెక్కిస్తారు. తూర్పు చాళుక్య, కాకతీయ, బహమనీ, విజయనగర, కుతుబ్‌షాహీ నాణేలు మధ్యయుగం కిందకు వస్తాయి. ఈస్టిండియా కంపెనీ, నిజాం నాణేలది వేరే లోకం. వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదట ఏది కొనాలి?

విజయనగర రాగి నాణెం. బంగారు వరహా మీద ఉండే లిపే వీటిలో చాలావాటి మీదా ఉంటుంది, ధర మాత్రం అందుబాటులో ఉంటుంది. పొరపాటున నకిలీ కొన్నా ఇల్లు గుల్ల కాదు. దేవరాయల ఏనుగు బొమ్మ రాగి నాణేలు, కృష్ణదేవరాయల గరుడ బొమ్మ రాగి నాణేలు పది పన్నెండు చేతిలోకి తీసుకుని చూస్తే బిళ్ల మందం, అక్షరాల లోతు, అరుగుదల తీరు వేళ్లకే తెలిసిపోతాయి. ఆ అనుభవం లేకుండా నేరుగా బంగారంలోకి దిగేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

రెండో దారి శాతవాహన సీసం, పోటిన్ నాణేలు. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం. వీటికి ఓపిక ఎక్కువ కావాలి, ఎందుకంటే బిళ్ల మీద పూర్తి అక్షరాలు పడిన నాణెం అరుదు.

శాతవాహన నాణేన్ని ఎలా గుర్తుపట్టాలి?

మొదట బొరుసు చూడండి. అడ్డగీత, నిలువుగీత ఒకదాన్నొకటి దాటుతూ, నాలుగు కొసల్లో నాలుగు వలయాలు ఉంటే అది ఉజ్జయిని చిహ్నం. బొమ్మ వైపు ఏనుగు, సింహం, గుర్రం, లేదా మెట్లుమెట్లుగా పేర్చిన కమానుల కొండ ఉంటాయి. కోస్తా ప్రాంతంలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసం నాణేలు కూడా దొరికాయి. సేకర్తలు బాగా ఇష్టపడే రకం అది, కాబట్టి నకిలీలూ దానికే ఎక్కువ.

అంచు చుట్టూ బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాజు పేరు ఉంటుంది. 'రఞో' అంటే 'రాజు యొక్క'. దాని తరువాత తల్లి పేరుతో 'గోతమిపుతస' లేదా 'వాసిఠిపుతస', ఆ పైన 'సిరి యఞ సాతకణిస', 'సిరి పుళుమావిస' వంటి పేరు వస్తుంది. చిక్కంతా ఇక్కడే. 'సాతకణి' అన్న పేరు చాలామంది రాజులకు ఉంది. ఏ సాతకణో తేల్చేది తల్లి పేరో, మధ్యలోని సొంత పేరో. బిళ్ల చిన్నదై ఆ ముక్క అంచు దాటి పోతే నాణెం 'సాతకణి' దగ్గరే ఆగిపోతుంది. అమ్మే వ్యక్తి 'గౌతమీపుత్ర శాతకర్ణి' అని చీటీ అంటిస్తే, 'గోతమి' అన్న అక్షరాలు నాణెం మీద ఎక్కడున్నాయో చూపించమనండి. చూపించలేకపోతే ఆ పేరుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు.

వెండి నాణేల సంగతి వేరు. పులుమావి, యజ్ఞశ్రీ వంటి రాజుల వెండి నాణేల మీద రాజు ముఖం ఉంటుంది, తూకం రెండు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. గౌతమీపుత్ర శాతకర్ణి తాను ఓడించిన క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేల మీద తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 1906లో దొరికిన నిధిలో పదమూడు వేలకు పైగా నాణేలుంటే, వాటిలో తొమ్మిది వేలకు పైగా ఇలా తిరగ్గొట్టినవే. అలాంటి నాణెం మీద నహపాణుడి ముక్కు, ఉజ్జయిని చిహ్నపు వలయం ఒకదాని మీద ఒకటి కనిపిస్తే అది లోపం కాదు. ఆ నాణెం కోరదగ్గది కావడానికి కారణమే అది.

బ్రాహ్మీ అక్షరాలు నేర్చుకోవడం కష్టమా?

నాణేలకు సరిపడా నేర్చుకోవడం కష్టం కాదు, పాతిక అక్షరాలు వస్తే చాలు. 'క' కూడిక గుర్తులా ఉంటుంది. 'ణ' పైనా కిందా గీతలున్న నిలువు కర్ర. 'న'కు కింది గీత మాత్రమే. 'గ' తిరగేసిన గంపలా, 'వ' వలయం మీద నిలబెట్టిన పుల్లలా ఉంటాయి. గుణింతాలు అక్షరం పైనో కిందో చిన్న కొక్కేలుగా వస్తాయి. 'సాతకణి'లో క, ణి పక్కపక్కన ఉంటాయి కాబట్టి మొదట కూడిక గుర్తును వెతికి పట్టుకోండి. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ చదువుకుంటూ వెళ్లండి.

చదివేటప్పుడు లైటు నాణేనికి ఎదురుగా పెట్టవద్దు. చీకటి గదిలో టార్చిని బల్లకు దాదాపు సమాంతరంగా ఆనించి, నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. అరిగిపోయాయనుకున్న అక్షరాలు నీడల్లో లేచి నిలబడతాయి.

విజయనగర బంగారు నాణేల తూకాలు ఎంత ఉండాలి?

వరహా 3.4 గ్రాములు, అర వరహా 1.7, పావు వరహా 0.85. పణం గ్రాములో మూడో వంతు, సుమారు 0.35. వరహా వెడల్పు 10 నుంచి 12 మిల్లీమీటర్లే. అంటే చిటికెన వేలి గోరంత చిన్నగా, కానీ బొద్దుగా ఉంటుంది. వెడల్పుగా పలుచగా ఉన్న 'కృష్ణదేవరాయల వరహా' కనిపిస్తే అక్కడే అనుమానించాలి.

వరాహం నుంచే వరహా అన్న పేరు వచ్చింది. అది చాళుక్యుల పంది ముద్ర నుంచి దిగివచ్చిన మాట. విజయనగర వరహాల్లో చాలావాటి మీద వరాహమే ఉండదు. పంది బొమ్మ లేదు కాబట్టి నకిలీ అనుకునేవాళ్లు ఏటా కొందరు తగులుతూనే ఉంటారు.

ఏ రాయల నాణెమో ఎలా తెలుస్తుంది?

బొమ్మను బట్టి ఊహించి, బొరుసును చదివి తేల్చుకోవాలి. బొరుసు మీద నాగరి లిపిలో మూడు వరుసలుంటాయి. 'శ్రీ ప్ర', 'తాప కృ', 'ష్ణ రాయ' అని విరిచి రాస్తారు. 'శ్రీ ప్రతాప' చాలామంది రాజులకు ఉంటుంది కాబట్టి మొదటి వరుస మీద సమయం వృథా చేయవద్దు. రెండో వరుస చివర, మూడో వరుస మొదట చూడండి. 'దే / వ' అయితే దేవరాయలు, 'హరి / హర' అయితే హరిహరుడు.

బొమ్మల్లో కొన్ని ఆనవాళ్లున్నాయి. తొలి రాజులు హరిహర, బుక్కల కాలంలో హనుమ, గరుడ బొమ్మలు కనిపిస్తాయి. రెండో హరిహరుడి కాలం నుంచి ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు వచ్చారు. కృష్ణదేవరాయల (1509–1529) బాలకృష్ణుడు అందరికీ తెలిసినదే. చేతిలో వెన్నముద్ద, ఒక మోకాలు పైకెత్తి కూర్చున్న పసివాడు, పైన శంఖచక్రాలు. అచ్యుతరాయల గండభేరుండం, అంటే రెండు తలల పక్షి, ముక్కులతోనూ కాళ్లతోనూ ఏనుగులను పట్టుకుని ఉంటుంది. తిరుమలరాయల వరహా మీద సీతారామలక్ష్మణులు, వేంకటపతిరాయల కాలపు వరహా మీద తోరణం కింద వేంకటేశ్వరుడు ఉంటారు.

ఉమామహేశ్వరుల బొమ్మ దగ్గర మాత్రం జాగ్రత్త. కర్ణాటకలోని కెళది నాయకులు అదే బొమ్మతో, వెనక 'శ్రీ సదాశివ' అని వేసి నాణేలు ముద్రించారు. తరువాత మైసూరులో హైదర్ అలీ కూడా శివపార్వతుల బొమ్మను అలాగే ఉంచి, వెనక తన పేరులోని మొదటి ఫారసీ అక్షరం వేయించాడు. బొమ్మ ఒకటే అయినా రాజ్యాలు మూడు, శతాబ్దాలు వేరు, ధరలు కూడా వేరు.

గోల్కొండ రాగి నాణెం మీది సంవత్సరాన్ని మన లెక్కలోకి ఎలా మార్చాలి?

హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది. అబ్దుల్లా కుతుబ్‌షా నాణేల మీద ఎక్కువగా కనిపించే 1068ని ఇలా మారిస్తే 1657–58. అయితే ఆ నాణెం ఆ ఏడే ముద్రించారని కాదు. 1068, ఆ తరువాత అబుల్ హసన్ కాలపు 1095 స్థిరపడిపోయిన తేదీలు, ఏళ్ల తరబడి అవే వేస్తూ పోయారు. టంకశాల పేరు గోల్కొండ అనో, హైదరాబాద్ అనో ఉంటుంది. ఆ పేరు పూర్తిగా పడిన బిళ్ల దొరకడమే అదృష్టం.

అమ్మమ్మ మెడలోని కాసులపేరు, పుతలీల పేరు పాత నాణేలేనా?

కొన్నిసార్లు అవును. పుతలీలంటే ఇటలీలోని వెనిస్ నగరపు బంగారు డకాట్లు, తూకం మూడున్నర గ్రాములు. వర్తకంతో పాటు దక్షిణాదికి వచ్చాయి. ఒక వైపు సాధువు ముందు మోకరిల్లిన పాలకుడు, మరో వైపు నక్షత్రాల మధ్య క్రీస్తు ఉంటారు. మన కంసాలులు వాటికి నకళ్లు కూడా విరివిగా చేశారు. అక్షరాలు అర్థంలేని గీతలుగా మారిపోయి ఉంటే అది ఇక్కడ చేసిన నకలు.

అసలుదైనా కొక్కెం అతికిన నాణేనికి సేకర్తల్లో విలువ బాగా తగ్గుతుంది. కొక్కెం తీయించి, టంకం మచ్చను అరగదీయిస్తే ఇంకా తగ్గుతుంది. పేరును పేరుగానే ఉంచండి.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

పోతపోసిన నకిలీ మొదట అంచులో దొరుకుతుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత మిగులుతుంది, దాన్ని ఆకురాయితో రుద్దితే ఆ రుద్దిన గీతలు మిగులుతాయి. పదింతల భూతద్దంలో అక్షరాల మొదట్లో సూదిమొనంత గుంటలు కనిపిస్తే అవి గాలిబుడగలు. అక్షరాల అంచులు సబ్బు ముక్క అరిగినట్టు మెత్తగా ఉంటాయి. అయితే ఒక హెచ్చరిక: సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నాణేల మట్టి మూసలు తవ్వకాల్లో బయటపడ్డాయి. పాతకాలంలోనూ పోత నాణేలున్నాయి కాబట్టి, శాతవాహన పోటిన్‌కు 'పోత కాబట్టి నకిలీ' అన్న సూత్రం వర్తించదు. వరహాకు వర్తిస్తుంది.

రెండో పద్ధతి పోలిక. చేత్తో సుత్తితో కొట్టిన నాణేల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకే అచ్చుతో కొట్టినా, బిళ్ల ఆకారం, బొమ్మ జరిగిన తీరు వేరుగా ఉంటాయి. ఒకే వంకర, ఒకే పగులు, ఒకే పక్కకు జరిగిన బొమ్మ రెండు నాణేల్లో కనిపిస్తే రెండూ ఒకే మూసలోంచి వచ్చాయి. అందుకే అమ్మకందారు దగ్గర ఆ రకానివి ఇంకెన్ని ఉన్నాయో అడిగి, అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడోది అరుగుదల. నిజంగా చేతులు మారిన నాణెం ఎత్తైన చోట్ల, అంటే దేవత ముక్కు, మోకాలు, కిరీటం దగ్గర ముందు అరుగుతుంది. పల్లంలోనూ ఎత్తులోనూ సమానంగా అరిగిందంటే ఆ అరుగుదల ఆసిడ్‌తోనో ఇసుకతోనో తెచ్చింది. రాగి మీది పచ్చ పొర అసలుదైతే దూదిని అసిటోన్‌లో ముంచి తుడిచినా రాదు. రంగు దూదికి అంటితే అది పూసిన పూత.

గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. నగల దుకాణంలో అలవాటుగా గీసేస్తారు. 3.4 గ్రాముల నాణేనికి ఆ గీత జీవితాంతం ఉంటుంది. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఎక్స్‌రేలతో లోహాన్ని గుర్తించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నాణేన్ని గాయపరచదు కానీ పైపొరనే చదువుతుంది. మందంగా బంగారు పూత పూసిన రాగిని అది బంగారమనే చెప్పగలదు.

సాంద్రత పరీక్ష ఇంట్లో చేయవచ్చా?

చేయవచ్చు, బంగారానికి ఇదే నమ్మకమైనది. నాణేన్ని పొడిగా తూచండి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపించే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలిమి బంగారానికి 19.3, సీసానికి 11.3, వెండికి 10.5, రాగికి 9 కన్నా కొంచెం తక్కువ రావాలి.

తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే సాంద్రత తక్కువగా వస్తుంది, కాబట్టి నీటిలో ఒక చుక్క షాంపూ వేసి నాణేన్ని కదిలించండి. నాణెం అడుగును తాకితే లెక్కే పాడవుతుంది. మూడోది త్రాసు. వరహా తొలగించే నీరు 0.19 గ్రాములే. గ్రాములో నూరో వంతు చూపే త్రాసులో అంకె 0.20 వైపు జారితే జవాబు 17.9 నుంచి 17కు పడిపోతుంది. మిల్లీగ్రాము చూపే త్రాసు వాడండి. లేకపోతే పదిసార్లు తూచి సగటు తీయండి. పరీక్ష అయ్యాక నాణేన్ని మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. సీసం నాణేలకు, పొర రాలుతున్న రాగి నాణేలకు ఈ పరీక్ష వద్దు.

చింతపండుతో తోమవచ్చా?

వద్దు. నిమ్మకాయ, పీతాంబరి, టూత్‌పేస్టు, కంసాలి ఆసిడ్ ఏదీ వద్దు. మెరిసే శాతవాహన నాణేన్ని తెలిసినవాళ్లెవరూ కొనరు.

మట్టి మాత్రమే తీయాలనుకుంటే, రాగి, వెండి, బంగారు నాణేలను డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాలు పట్టవచ్చు. మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతోనో, తుమ్మ ముల్లుతోనో భూతద్దం కింద మెల్లగా తీయండి. ఇనుప సూది వాడకండి.

సీసానికి ఇదే పద్ధతి వాడితే నాణెం దెబ్బతింటుంది. ఖనిజాలు లేని శుద్ధమైన నీరు సీసాన్ని తింటుంది. సీసం నాణెం మీది మట్టిని మెత్తని పొడి కుంచెతో దులపండి, అంతకన్నా ఏమీ చేయవద్దు. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. ఆ దుమ్ము విషం.

రాగి నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి వస్తోంది, ఎందుకు?

దట్టంగా, గట్టిగా ఉన్న పచ్చ పొర నాణేనికి రక్షణ. గోరు తగిలితే రాలే లేత పచ్చ పొడి మాత్రం రోగం. మట్టిలోని ఉప్పు వల్ల లోపల చేరిన క్లోరైడు, గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం రాగిని తింటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఇది వానాకాలంలో బయటపడుతుంది.

ఆ నాణేన్ని మొదట మిగతావాటి నుంచి వేరు చేయండి. పొడిని ముల్లుతో తీసేయండి. లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 23 గ్రాముల నిర్జల సోడియం కార్బొనేట్, 19 గ్రాముల వంటసోడా కలిపితే దాదాపు అయిదు శాతం సెస్క్వికార్బొనేట్ ద్రావణం అవుతుంది. అందులో నానబెట్టి వారానికోసారి ద్రావణం మార్చండి, నెల పైనే పట్టవచ్చు. పొర రంగు కొంచెం మారే ప్రమాదం ఉంది, అది ముందే ఒప్పుకుని దిగండి. తరువాత డిస్టిల్డ్ నీళ్లలో నాలుగైదుసార్లు కడిగి, అసిటోన్‌లో ముంచి ఆరబెట్టి, పొడి డబ్బాలో రెండు వారాలు గమనించండి. మళ్లీ పొడి వస్తే మొదటికి రావాల్సిందే.

ఎలా భద్రపరచాలి?

మెత్తగా సాగే పీవీసీ కవర్లు వాడవద్దు. ఏడాది రెండేళ్లలో వాటిలోంచి జిగురు పచ్చ ద్రవం కారి వెండిని కరుస్తుంది. గట్టిగా, గరగరలాడే మైలార్ కవర్లు లేదా ప్లాస్టిక్ కాప్సూల్స్ వాడండి.

సీసం నాణేలను చెక్క సొరుగులో, ప్లైవుడ్ బీరువాలో, అట్టపెట్టెలో పెట్టకూడదు. చెక్క, అట్ట నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలి సీసం మీద తెల్లటి పిండి పేరుకుంటుంది, కొన్నేళ్లకు నాణెమే పిండైపోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి. అయిదు లీటర్ల డబ్బాకు వంద గ్రాములు చాలు. రంగు మారాక జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. రాగి నాణేలకు డబ్బా లోపల తేమ 40 శాతం లోపు ఉండాలి. చిన్న తేమ మీటరు ఒకటి లోపల పడేస్తే సరి.

పొలం దున్నుతుంటే నాణేల కుండ బయటపడితే?

అది మీ సేకరణలోకి రాదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాసి, నిధిని దగ్గరి ప్రభుత్వ ట్రెజరీలో అప్పగించాలి లేదా హామీ ఇవ్వాలి. తహసీల్దారు ద్వారా చెప్పినా, కలెక్టరుకు చేరిన రసీదు దగ్గర పెట్టుకోండి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ ఉండవచ్చు.

చట్టంలో మేలు కూడా ఉంది. నిధికి హక్కుదారు లేరని తేలి, దొరికినవారికీ భూయజమానికీ మధ్య వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవారికి మూడు వంతులు, భూయజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి.

కుండను కదిలించవద్దు, నాణేలను కడగవద్దు, పంచుకోవద్దు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోభద్ర, సమగోప, నారన వంటి రాజుల నాణేలు, శాతవాహన చిముకుడి నాణేలు ఒకే చోట దొరకబట్టే, శాతవాహనులకు ముందు ఇక్కడ ఎవరు ఏలారో మాట్లాడుకోగలుగుతున్నాం. అవే నాణేలు అంగట్లో విడివిడిగా అమ్ముడై ఉంటే ఉత్త పేర్లుగా మిగిలేవి.

పాత నాణేలు ఇంట్లో ఉంచుకోవడం నేరమా? అమెరికా తీసుకెళ్లవచ్చా?

సక్రమంగా కొన్నవి ఉంచుకోవడం నేరం కాదు. 1972 పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన ప్రతి నాణేన్నీ పురావస్తువుగానే చూస్తుంది. వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కొనేటప్పుడు లైసెన్సు నంబరు, నాణెం వివరాలు, ఫొటో ఉన్న బిల్లు అడగండి.

దేశం దాటించడం మాత్రం కుదరదు. ప్రైవేటు వ్యక్తులు పురావస్తువులను ఎగుమతి చేయడం నిషిద్ధం, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. తాతగారిదే అయినా, ఒక్క రాగి కాసే అయినా, డాలస్‌లోని అబ్బాయికి సూట్‌కేసులో పెట్టి పంపకూడదు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు అక్కడి వేలంశాలల్లో కొనుక్కోవచ్చు, కాగితాలు దాచుకోవాలి. ఆ నాణేన్ని ఇండియాకు తెస్తే, తిరిగి తీసుకెళ్లేటప్పుడు ఇదే చట్టం అడ్డొస్తుంది.

'బియ్యపు గింజలను తనవైపు లాగే నాణెం', హనుమంతుడి బొమ్మ 1818 అణా: లక్షలు వస్తాయా?

రావు, పోతాయి. రైస్ పుల్లింగ్ ముఠాలు రాగిలో ఇరిడియం అనే అరుదైన లోహం ఉందని, గింజలను లాగుతుందని నమ్మించి పరీక్ష ఫీజుల పేరుతో డబ్బు గుంజుతాయి. రాముడు, హనుమంతుడు బొమ్మలతో 1818 అని వేసిన ఈస్టిండియా కంపెనీ 'అణాలు' కంపెనీ వేసినవి కావు, తరువాత ఎవరో చేసిన బిళ్లలు. పాత రామటంకాలు (రాముడి బొమ్మ ఉన్న బిళ్లలు) కొన్ని నిజమైనవే, కానీ అవి పూజకు చేసినవి, చెలామణి నాణేలు కావు. పాత నాణేల అమ్మకాలకు రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషన్ అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అమ్మేవాడి దగ్గర ముందుగా డబ్బు అడిగే కొనుగోలుదారు ఎక్కడా ఉండడు.

ధర ఎలా తేలుతుంది?

పాతదనాన్ని బట్టి కాదు. రెండు వేల ఏళ్ల శాతవాహన పోటిన్ కొన్ని వందల ఏళ్ల వరహా కన్నా ఎంతో చవక. బంగారు నాణేనికి అమ్మే రోజు లోహం ధర అడుగు మెట్టు. దాని మీద రాజు అరుదుదనం, బొమ్మ నడిమికి పడిందా, పేరు పూర్తిగా చదవగలమా, పాత వేలం కాగితం ఉందా అన్నవి కలుస్తాయి. ఒకే రాజు నాణేల్లో పేరు పూర్తిగా ఉన్నదానికీ సగం పోయినదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది.

వేలంలో పాడే ముందు లెక్క వేసుకోండి. పది వేలకు పాట ఆగి, కొన్నవారి నుంచి వేలంశాల అదనంగా తీసుకునే ప్రీమియం 15 శాతం అయితే పదకొండు వేల అయిదు వందలు, ఆపైన పన్ను, పోస్టు ఖర్చు. కేటలాగులో అడిగే ధర వేరు, గత వేలాల్లో నిజంగా అమ్ముడైన ధర వేరు. రెండోదాన్నే చూడండి.

ప్రతి నాణేనికీ ఏమేం రాసి పెట్టుకోవాలి?

తూకం రెండు దశాంశాల వరకు, వెడల్పు, లోహం, రెండు వైపులా ఫొటో పక్కన స్కేలుతో, చదవగలిగిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, కొన్న తేదీ, బిల్లు. కనిపించని అక్షరాలను ఊహించి నింపితే వాటిని బ్రాకెట్లలో పెట్టండి. బొమ్మను నిటారుగా పట్టుకుని, నిలువు ఇరుసు మీద తిప్పితే బొరుసు గడియారంలో ఎన్ని గంటల వైపు నిలబడుతుందో కూడా రాయండి, అచ్చులను పోల్చేటప్పుడు పనికొస్తుంది. దొరికిన ఊరు తెలిస్తే అది మొదటి వరుసలో ఉండాలి.

అసలైన నాణేలను ఎక్కడ చూడవచ్చు?

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం, విజయవాడలోని బాపు మ్యూజియం, చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం తరువాతి కాలపు యంత్రాలకు సంబంధించినదే. అయినా అచ్చు, బిళ్ల, దెబ్బ అనే మూడు మాటలు అక్కడ కళ్లకు కడతాయి. వెళ్లేటప్పుడు చిన్న టార్చి, చూడదలచిన నాణేల జాబితా పట్టుకెళ్లండి. గాజు పెట్టె ముందు గంట నిలబడితే ఒక్క రాజు నాణేలే పూర్తవుతాయి.